పాత డకోటాకు ఏ రంగు వేయాలి?

పాత విమానాన్ని బాగుచేసి నిలబెట్టేటప్పుడు ఇంజను సంగతి ఇంజనీర్లకే వదలివేస్తారు. రెక్కల బలం లెక్కించవలసినవారే లెక్కిస్తారు. రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతివారూ నిపుణులే. డబ్బు పెట్టినవారికి ఒక రంగు నచ్చుతుంది, ఫోటోలు తీసేవారికి మరొకటి నచ్చుతుంది, ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దలకు తళతళ మెరిసేది ఏదైనా సరే నచ్చుతుంది. లోపల 1944 నాటి యంత్రం, పైన ఎన్నడూ ఏ కంపెనీ వేయని పట్టుచొక్కా! ఇట్లాంటివి ప్రపంచంలో చాలా చోట్ల నిలబడి ఉన్నవి. రంగును అలంకారంగా చూడటం వలననే ఈ అవస్థ వచ్చిందని నా అభిప్రాయం. విమానం మీది రంగుకు బరువున్నది, వేడితో సంబంధమున్నది, తేదీ ఉన్నది. ఈ మూడింటినీ గుర్తుంచుకొని, మన దేశంలో జరిగిన ఒక పునరుద్ధరణను, జరుగవలసిన మరొకదానిని ఇక్కడ పరిశీలిస్తాను.

డగ్లస్ కంపెనీవారి డీసీ-3 విమానం మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబరు 17న. మొదట అది రాత్రి పడుకొని ప్రయాణం చేయడానికి 14 పడకలతో తయారైన విమానం. దానినే పగటి ప్రయాణానికి 21 సీట్లతో అమర్చినారు. పౌరుల రాకపోకలకని ప్రత్యేకంగా కట్టినవి సుమారు 600 మాత్రమే. యుద్ధం వచ్చిన తరువాత అదే నమూనా మీద సైన్యానికి కట్టినవి పదివేలకు మించినవి. అమెరికా సైన్యం దానిని సీ-47 అన్నది, బ్రిటిషువారు డకోటా అన్నారు, మనకు బ్రిటిషువారి పేరే అలవాటయినది. యుద్ధం ముగియగానే ఆ విమానాలను మిగులు సరుకుగా అమ్మివేసినారు. వాటిలో చాలావాటిని బెంగుళూరులోని హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారంలో ప్రయాణికుల విమానాలుగా మార్చినారు. హైదరాబాదులో నిజాం రైల్వేవారు, టాటావారు కలిసి 1945లో స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ ఈ డకోటాలతోనే 1946లో బేగంపేట కేంద్రంగా సర్వీసులు ప్రారంభించింది. 1947లో పైలట్ లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను, ఆడమనిషి అని ఇతర కంపెనీలు కాదన్న తరువాత, ఉద్యోగంలోకి తీసుకొన్నది ఈ కంపెనీయే. 1953 ఆగస్టు 1న ఇది మరి ఏడు కంపెనీలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది. నేను పని చేస్తున్న తిరువూరు ఆ రోజులలో మద్రాసు రాష్ట్రంలో నిజాం సరిహద్దున ఉన్న ఊరు. సరిహద్దు దాటితే వేరే రైల్వే, వేరే నాణెం. ఆ వేరే రాజ్యానికి ఒక విమాన కంపెనీ కూడా ఉండేదని చెబితే మా విద్యార్థులు ఇప్పుడు నమ్మలేకుండా ఉన్నారు.

ఈ చరిత్రలో రంగుకు, అమరికకు సంబంధించిన చిక్కు ఒకటి దాగి ఉన్నది. మన దేశంలో తిరిగిన డకోటాలలో అధిక భాగం పుట్టుకతో సైనికులు, బ్రతుకుతెరువుకు పౌరులు. సైన్యానికి కట్టిన విమానానికి వెనుక ఎడమవైపున జీపు కూడా ఎక్కించగల వెడల్పైన జంట తలుపు ఉంటుంది. నేల గట్టిగా ఉంటుంది. సిపాయిలు గోడల వెంబడి ఎదురెదురుగా మడత బల్లల మీద కూర్చుంటారు, అట్లా 28 మంది పడతారు. పౌరవిమానానికి మార్చినప్పుడు గోడలకు శబ్దాన్ని అడ్డే పొర దిగుతుంది, వరుసలుగా సీట్లు వస్తాయి, పెద్ద తలుపులో ఒక చిన్న తలుపు మాత్రమే ప్రయాణికులకు తెరుచుకొంటుంది. కాని పెద్ద తలుపు అంచులు ఒంటి మీద గాయపు మచ్చలాగా అట్లాగే ఉండిపోతవి. అటువంటి విమానానికి 1936 నాటి అమెరికా కంపెనీ రంగు వేసి ‘ఇది తొలి డీసీ-3’ అని చూపిస్తే, తెలిసినవాడు ఆ తలుపు చుట్టూ ఉన్న గీత చూసి నవ్వుకొంటాడు. కొందరు ఆ గీతను పూడ్చివేయించి పైన రంగు వేయిస్తారు. ఇది మరింత అన్యాయం. యుద్ధకాలపు విమానానికి యుద్ధం జరగనే లేదని చెప్పించడమే గదా!

ఇక రంగు బరువు సంగతి. పాఠకులే లెక్క కట్టి చూడవచ్చు. డీసీ-3 రెక్కల విస్తీర్ణం 987 చదరపు అడుగులు, అంటే దాదాపు 92 చదరపు మీటర్లు. పైనా క్రిందా కలిపి 184. సుమారు 20 మీటర్ల పొడవున్న గుండ్రని శరీరం, తోక, ఇంజనుల తొడుగులు కూడా కలిపితే మొత్తం రమారమి 350 చదరపు మీటర్లు అవుతుంది. అడుగుపూతతో సహా రంగు మందం మిల్లీమీటరులో పదవ వంతు అనుకొందాం. అప్పుడు ఎండిన రంగు ఘనపరిమాణం 35 లీటర్లు. ఎండిన రంగు నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు సాంద్రమైనది కనుక బరువు 50 కిలోల చుట్టుప్రక్కల ఉంటుంది. ప్రతి ప్రయాణంలోనూ టిక్కెట్టు కొనకుండా కూర్చున్న ఒక బక్కపలుచని మనిషి అన్నమాట. పాత రంగు గీకకుండా దానిమీదనే మళ్ళీ వేస్తే రెండవ మనిషి కూడా ఎక్కుతాడు. ఈ కారణం చేతనే యుద్ధం నడుమ, 1943 చివరకు, ఆకాశంలో తమదే పైచేయి అని నమ్మకం కుదిరిన తరువాత, అమెరికా వైమానికదళం చాలా విమానాలకు పచ్చరంగు పూయించడం మాని వట్టి లోహంతోనే పంపించింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ కంపెనీ 2013 వరకు తన విమానాలను మెరుగుపెట్టిన అల్యూమినియంతోనే నడిపింది.

అయితే వట్టి లోహానికి మన ఎండలో ఒక దోషం ఉన్నది. మెరిసే వస్తువు ఎండను వెనుకకు కొడుతుంది గనుక చల్లగా ఉండాలని సామాన్యంగా అనుకొంటాం. సగమే నిజం. మెరుగుపెట్టిన అల్యూమినియం తనమీద పడిన ఎండలో ఐదింట నాలుగు వంతులదాకా తిప్పికొట్టవచ్చు, కాని పీల్చుకొన్న ఆ కొద్ది వేడిని బయటకు వికిరణం చేయడంలో మహా పిసినారి. నల్లని వస్తువు నూరు వంతులు వెదజల్లే చోట ఇది ఐదో పదో వంతులే వెదజల్లుతుంది. తెల్లరంగు కూడా ఎండలో ఐదవ వంతో నాలుగవ వంతో పీల్చుకొంటుంది, కాని కంటికి కనిపించని దీర్ఘతరంగాల రూపంలో నూటికి 85, 90 వంతులు వెదజల్లగలదు. వచ్చే ఆదాయం ఇద్దరికీ ఇంచుమించు ఒకటే, ఖర్చులోనే తేడా! కాబట్టి మైదానంలో నిలిపి ఉంచిన విమానానికి పైకప్పు తెల్లగా ఉంటే లోపల గాలి తక్కువ వేడెక్కుతుంది. బాగా తోమిన చెంబులో పోసిన వేడినీళ్ళు మసిపట్టిన చెంబులోకంటే ఆలస్యంగా చల్లారడానికీ, వేసవి రాకముందే తిరువూరులో డాబాల మీద సున్నం కొట్టించడానికీ వెనుకనున్న సూత్రం ఇదే. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ లెస్లీ వేడినీరు నింపిన ఘనాకారపు డబ్బాకు ఒక్కొక్క ముఖానికి ఒక్కొక్క పూత పూసి ఈ తేడాను కొలిచి 1804లోనే ప్రకటించినాడు. యుద్ధానంతరం అనేక కంపెనీలు కిటికీలకు పైభాగం తెలుపు, క్రింద లోహం, రెంటి నడుమ ఒక రంగుగీత అనే పద్ధతికి రావడం కేవలం ముచ్చట కొద్దీ జరిగినది కాదు. ఆ గీత తెల్లరంగు అంచును కప్పుతుంది, కంపెనీ గుర్తుగానూ పనికివస్తుంది. చల్లదనం యంత్రాలు లేని డకోటాలో మే నెల మధ్యాహ్నం కూర్చున్నవానికి తెల్లటోపీ విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

చూసేవారు అలంకారమని భ్రమపడే మరికొన్ని మచ్చలు కూడా ఇట్లాంటివే. పైలట్ ముందు ముక్కుమీద కనిపించే మొద్దునలుపు పట్టీ, మెరిసే లోహం మీదనుండి ఎండ ఎగిసి అతని కళ్ళలో పడకుండా వేసినది. చాలా డకోటాలకు రెక్కల ముందు అంచున కనిపించే నల్లని పట్టీ రంగే కాదు. అది మంచును పగులగొట్టి రాల్చడానికి గాలి నింపి ఉబ్బించే రబ్బరు తొడుగు. రబ్బరు దొరకనప్పుడు అక్కడ నల్లరంగు పూయించి ఊరుకొన్న పునరుద్ధరణలు ఉన్నవి. ఇక రెక్కల చివర ఒరిగించే పలకలు, తోకమీది చుక్కాని, ఎత్తు మార్చే పలక - ఈ మూడింటికీ డీసీ-3లో లోహపు రేకు కాదు, గుడ్డ తొడుగు ఉంటుంది. గుడ్డను బిగించడానికి పూసే ద్రవంలో అల్యూమినియం పొడి కలుపుతారు, లేకపోతే అతినీలలోహిత కిరణాలకు నూలు కుళ్ళిపోతుంది. కాబట్టి లోహమంతా అద్దంలాగా మెరుస్తున్న డకోటాకు తోకపలకలు మాత్రం మందమైన వెండిరంగులో ఉండటం సహజం. అన్నీ ఒకే మెరుపులో ఉంటే ఎవరో అతిశ్రద్ధ చూపినారని అర్థం. పైగా ఈ పలకల మీద ఇష్టం వచ్చినట్టు రంగు మందంగా పట్టించరాదు. కీలుకు వెనుకభాగం బరువెక్కితే వేగంలో పలక కొట్టుకోవడం మొదలవుతుంది, అది తోకనే విరిచివేయగలదు. ఎగురవలసిన విమానమైతే రంగు వేసిన తరువాత పలకల తూకం మళ్ళీ సరిచూసి తీరాలి. చిత్రకారునికి ఇక్కడ పూర్తి స్వేచ్ఛ లేదు.

ఇప్పుడు మన దేశంలో అందరి దృష్టినీ ఆకర్షించిన పునరుద్ధరణకు వద్దాం. ఒక పాత డకోటాను రాజీవ్ చంద్రశేఖర్ కొని, ఇంగ్లండులో బాగుచేయించి, 2018లో భారత వాయుసేనకు కానుకగా ఇచ్చినారు. ఆయన తండ్రి వాయుసేనలో డకోటాలు నడిపిన పైలట్. విమానానికి ‘పరశురామ’ అని పేరు పెట్టినారు. అది 2018 ఏప్రిల్‌లో ఇంగ్లండు నుండి తన రెక్కలతోనే ఎగిరి వచ్చి జామ్‌నగరులో దిగినది. మే నెలలో హిండన్ స్థావరంలో వాయుసేనలో చేరినది. డెబ్బై ఏండ్లు దాటిన యంత్రం ఖండాలు దాటి రావడం చిన్న విషయం కాదు, ఆ పని చేసినవారి నైపుణ్యానికి నమస్కరించవలసినదే. దానికి వేసిన సంఖ్య వీపీ 905. 1947 అక్టోబరు 27న ఒకటవ సిక్కు పటాలం సిపాయిలను శ్రీనగరులో దింపిన డకోటా సంఖ్య అది. అయితే ఈ విమానం ఆ విమానం కాదు. అదే జాతికి చెందిన వేరొకటి.

స్మారకంగా ఆ సంఖ్య వేయడం తప్పని నేను అనను. నాటకంలో రాముని వేషం కట్టినవాడు రాముడేనని ఎవరూ మోసపోరు, ఎందుకంటే అది నాటకమని ముందే తెలుసు. విమానం దగ్గర ఆ సంగతి తెలియజేసే ఏర్పాటు ఉన్నదా అన్నదే ప్రశ్న. ప్రదర్శనలో దానిని చూసిన పిల్లవాడు ఇంటికి పోయి ‘శ్రీనగరులో దిగిన విమానాన్ని చూసినాను’ అంటే, ఆ మాట అతని తప్పు కాదు. తలుపు ప్రక్కన రెండు పంక్తులలో, ఈ యంత్రం ఎక్కడ కట్టినది, ఎవరి దగ్గర పని చేసింది, ఈ సంఖ్య ఎందుకు ధరించినది అని వ్రాయవచ్చు. ఈ యంత్రానికి కూడా దాని సొంత జీవితం ఒకటి ఉన్నది. పరాయి సంఖ్య దానిని తుడిచివేయరాదు.

వేషం కట్టించదలచినా పూర్తిగా కట్టించాలి. 1947 అక్టోబరులో మన వాయుసేన పేరుకు ముందు ఇంకా ‘రాయల్’ అనే మాట ఉండేది, అది పోయినది 1950 జనవరిలో. కాషాయం, తెలుపు, ఆకుపచ్చల త్రివర్ణ వలయం కూడా గణతంత్రంతో పాటు వచ్చినదే. అంతకుముందు కొంతకాలం అశోకచక్రం గుర్తుగా ఉండేది. కనుక 1947 నాటి సంఖ్య ప్రక్కన త్రివర్ణ వలయం వేస్తే ఒకే ఒంటి మీద రెండు కాలాలు కూర్చున్నట్టే. ఇప్పటి వాయుసేన తన ఇప్పటి గుర్తు కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఎగిరే సైనిక విమానానికి నేటి గుర్తులు తప్పవని వారు అంటే ఒప్పుకోవచ్చు. కాని అప్పుడు దానిని ‘1947 నాటి రూపం’ అనకూడదు. నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. ఆ అక్టోబరు, నవంబరు నెలలలో శ్రీనగరుకు సిపాయిలను మోసినవి వాయుసేన డకోటాలు మాత్రమే కావు. ప్రైవేటు కంపెనీల ప్రయాణికుల డకోటాలను కూడా ప్రభుత్వం రప్పించింది. జీతానికి పనిచేసే పౌర పైలట్లు ఆ కొండల మధ్యకు రోజుకు ఎన్నోసార్లు పోయి వచ్చినారు. ఆ డకోటాల రంగులు ఈ దేశంలో ఎవరికి గుర్తున్నవి?

ఇతరులు ఏమి చేసినారో కొంచెం చూద్దాం. అమెరికాలో డెల్టా కంపెనీ 1940లో తాను కొని, తరువాత అమ్మివేసిన ఒక డీసీ-3ని 1993లో వెతికి తెచ్చుకొని, లోపలా బయటా 1940 నాటి రూపానికి తెచ్చి అట్లాంటాలో నిలిపింది. విమానం అదే, కంపెనీ అదే, సంవత్సరం ఒకటే. ఇంతకంటే నిక్కమైన పునరుద్ధరణ ఉండదు, కాని ఇంతటి అదృష్టం అందరికీ పట్టదు. జర్మనీలో లుఫ్తాన్సావారు 1936 నాటి మూడు ఇంజనుల యుంకర్స్ విమానానికి దాని పాత అక్షరాలనే పెద్దగా వ్రాయించి ఎగురవేసినారు, చట్టం ప్రకారం ఉన్న అక్షరాలు వేరు. అక్షరాలు ఆ విమానానివే గనుక ఇందులో మోసం లేదు. మన గోవాలో నౌకాదళ వైమానిక ప్రదర్శనశాలలో నాలుగు ఇంజనుల సూపర్ కాన్‌స్టలేషన్ ఒకటి ఉన్నది. ఎయిర్ ఇండియాలో రాజభోగం అనుభవించి, వాయుసేనకు పోయి, చివరకు నౌకాదళంలో సముద్రం మీద కాపలా కాసిన విమానం అది. దానిని చివరి యజమాని రంగులోనే ఉంచినారు. ఎయిర్ ఇండియా ఎరుపు వేస్తే చూడటానికి వచ్చేవారు పెరుగుతారేమో. కాని నౌకాదళం కోసం దాని పొట్టక్రింద అమర్చిన పరికరాల గుర్తులు అప్పుడు ఏ కథకూ చెందకుండా పోతవి. గోవావారు చేసినదే నాకు నచ్చినది.

సరి, తేదీ నిర్ణయించుకొన్నాం, రంగు ఏదో తెలిసేదెట్లా? ఫోటో చూసి వేస్తే చాలదా అంటారు. 1940లలోని ఫోటోలు చాలామట్టుకు నలుపు తెలుపులవి. అందులోనూ ఎరుపు కాంతికి స్పందించని ఫిల్ముతో తీసినవైతే ఎర్రగీత నల్లగా, నీలిగీత తెల్లగా పడుతుంది. అన్ని రంగులకూ స్పందించే ఫిల్ముతో, పసుపు అద్దం అడ్డుపెట్టి తీస్తే నీలం నల్లబడుతుంది. ఫిల్ము ఏదో తెలియకుండా ఫోటోలోని బూడిదరంగును చూసి ‘ఇది మెరూను’ అని తేల్చడం జాతకం చెప్పడం వంటిదే. దీనికంటే మంచి సాక్షి విమానం ఒళ్ళే. రంగును ఒకేసారి గీకివేయకుండా, రూపాయి బిళ్ళంత చోట నున్నని గరుకుకాగితంతో ఏటవాలుగా అరగదీస్తే, చెట్టు మొదలులో వలయాలలాగా పొరలన్నీ వరుసగా బయటపడతవి. అన్నిటికంటె క్రింద జింక్ క్రోమేటు అడుగుపూత తాలూకు పసుపుపచ్చ. దాని పైన ఒక్కొక్క యజమాని ఒక్కొక్క పొర. అక్షరాల అంచులు, పాత పేర్ల నీడలు కూడా ఇట్లా దొరుకుతవి. పునరుద్ధరణ పేరుతో మొదటిరోజే రసాయనం పోసి రంగంతా ఊడ్చివేసే అలవాటు ఉన్నది. అది దస్తావేజు చదవకముందే కడిగివేయడం. క్రోమేటు ధూళి క్యాన్సరు తెచ్చేది గనుక ఈ పనిలో ముసుగు, తడి తప్పనిసరి. కొత్తగా వేసేటప్పుడు క్రోమేటు లేని పూతను అదే రంగుకు కలిపి వాడవచ్చు. ఇక్కడ పాతదనం కోసం పట్టుపట్టడం మూర్ఖత్వం.

బేగంపేట నుండి ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాదుకు తరలిపోయినవి. ఆ మైదానంలో వైమానిక ప్రదర్శనలు జరుగుతున్నవి, వేలమంది వస్తున్నారు. అక్కడ ఒక డకోటా నిలపాలని ఎవరైనా పూనుకొంటే నేను చెప్పేది ఇది. విమానానికి సైనికరంగు వద్దు, ఆ పని పరశురామ చేస్తున్నది. ఎగిరించాలన్న పంతమూ వద్దు. ఎగిరే విమానానికి నేటి రేడియోలు, నేటి బెల్టులు, నేటి గుర్తులు అన్నీ చట్టం ప్రకారం దిగుతవి. నిలబడి ఉండేదానికి ఆ బెడద లేదు, లోపలి అమరిక పూర్తిగా నిజంగా ఉండవచ్చు. దక్కన్ ఎయిర్‌వేస్ నడిచిన 1946 - 1953 మధ్యలో ఏదో ఒక్క సంవత్సరం ఎంచుకోవాలి. ఆ సంవత్సరానికి సాక్ష్యం దొరికిన రంగు మాత్రమే వేయాలి, దొరకనిచోట వట్టి లోహం వదలివేయాలి. అందంకోసమని నేటి గాజుమెరుపు రంగు, దానిమీద వార్నిషు వేయరాదు. ఆ కాలపు రంగుకు అంత నిగారింపు లేదు, నాలుగు నెలలకే వెలిసేది, ఇంజను పొగ రెక్క మీద చారలు కట్టేది.

వాయుసేన నుండో, విదేశం నుండో వచ్చిన డకోటా అయితే, అది దక్కన్ వారి విమానం కాదని దాని ప్రక్కనే తెలుగులో వ్రాసిపెట్టాలి. పెద్ద తలుపు గీతను పూడ్చకూడదు. లోపల ఎడమవైపు వరుస ప్రయాణికుల సీట్లతో పూర్తిచేసి, కుడి గోడ వెంట రెండు గజాల మేర మాత్రం పొర వేయకుండా, పసుపుపచ్చని అడుగుపూతతో, సిపాయిల మడత బల్లతో అట్లాగే వదిలితే బాగుంటుంది. టిక్కెట్టు కొని కూర్చున్నవాని మోకాలికి ఎదురుగా, మూడేండ్ల క్రితం అక్కడ తుపాకి పట్టుకొని కూర్చున్నవాని చోటు కనబడుతుంది.